సురేష్ వాటా

సూరమ్మ ఇంట్లో తెల్లారి లేవగానే ముందు తోమేవి చేపల గిన్నెలు కావు, రెండు స్టీలు గ్లాసులు. రెండూ ఒకే సైజువి. ఒకదాని అంచు మాత్రం ఎప్పుడో కిందపడి సొట్టపోయింది. వాటిని తోమి, నీళ్ళు ఒంపి, అరుగు మీద బోర్లించాకే ఆవిడ ముఖం కడుక్కోవడమైనా, పొయ్యి మీద టీ పెట్టడమైనా. ధవళేశ్వరంలో ఏటిగట్టు దిగువన ఆ వరసలో ఉన్న ఇళ్ళన్నిటిలోకీ ఆ అరుగే పెద్దది. పడవలవాళ్ళు తెచ్చిన చేప పెట్టెలకెత్తేది అక్కడే మరి.

గ్లాసులు ఆరేలోపు తమ్ముడు బుల్లబ్బాయి వచ్చి కూర్చునేవాడు. మిలిటరీ వదిలేసి ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళయినా, కూర్చోవడం మాత్రం వెన్ను వంచకుండా, ఎవరో పెద్దాఫీసరు ఎదురుగా ఉన్నట్టే. చేతులే మాట వినేవి కావు. ఒక చేతిని ఇంకో చేత్తో ఒళ్ళో అదిమి పెట్టుకునేవాడు, పారిపోయే కోడిపిల్లని పట్టుకున్నట్టు. సూరమ్మ బియ్యం డబ్బా వెనకనుంచి సీసా తెచ్చి, రెండు గ్లాసుల్లోనూ రెండేసి వేళ్ళ ఎత్తు రమ్ము పోసేది. ఎక్కువా పోయదు, తక్కువా పోయదు. సీసా ఆవిడ దగ్గరే ఉంటుంది, మూత తీసేదీ ఆవిడే. మళ్ళీ మధ్యాహ్నం ఇంత, పొద్దు వాలాక ఇంత. రాత్రి వేసుకునే నిద్రమాత్రల అట్ట కూడా ఆవిడ బొడ్డు సంచిలోనే. మందులషాపతను డాక్టరు చీటీ అడగడం ఎప్పుడో మానేశాడు. ఏదైనా తన చేతి మీదుగా వెళ్తే హద్దులో ఉంటుందని సూరమ్మ నమ్మకం.

బుల్లబ్బాయి ముందు సొట్టలేని గ్లాసు తాగేవాడు. తాగి కాసేపు ఊరుకునేవాడు, వీధి మలుపు వైపు చూస్తూ, ఎవరో వస్తామని చెప్పినట్టు. ఆ తర్వాత సొట్టగ్లాసు ఎత్తేవాడు. దాన్ని తాగేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకునేవాడు.

"రెండూ ఒకే గ్లాసులో పోసేస్తే సరిపోదేంట్రా? నాకు తోమే పనైనా తగ్గుద్ది" అని ఒకసారి సూరమ్మ అంది.

"అలా కుదరదే అక్కా" అన్నాడు. 

పావుగంటకి చేతులు నిలబడేవి. అప్పుడు వచ్చేది ఐసు.

ఆ సోమవారం కూడా అలాగే వచ్చింది. జానకిరామ్ వ్యాను గట్టు దిగి, హారను కొట్టి, అరుగుకి ఆనించినంత దగ్గరగా ఆగింది. ఐసు తెచ్చి దింపేదీ అతనే, ఎత్తిన పెట్టెలు రాజమండ్రి హోటళ్ళకి తీసుకెళ్ళేదీ అతనే. ఊక అంటిన ఐసుదిమ్మలు రెండు గోనెపట్టాల మీదకి జారాయి. బుల్లబ్బాయి తువ్వాలు రెండు చేతులకీ చుట్టుకున్నాడు. వేసవికాలంలోనైనా అంతే, వట్టి చేత్తో ఐసు ముట్టడు. దిమ్మని గోనెసంచిలోకి దొర్లించి, మూతి మెలిపెట్టి, చెక్కసుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. సూరమ్మ పెట్టె అడుగున కొట్టిన ఐసుపొడి పరిచి, బొచ్చెచేపల్ని తలా తోకా మార్చి పేర్చి, వాటి మీద మళ్ళీ ఐసు గుమ్మరిస్తోంది. గోదారికి కొత్తవరద ఎర్రనీరు తగిలిన రోజులు. చేప బాగానే పడుతోంది.

"ఏవండీ మిలిటరీగారూ, బండికి పెట్రోలు పడిందాండీ?" అన్నాడు జానకిరామ్, వ్యానుకి ఆనుకుని.

బుల్లబ్బాయి సంచి మీద ఇంకో దెబ్బ వేశాడు.

"బోర్డరులో తుపాకీ పట్టినాయనకి ఐసుముక్క పట్టాలంటే మందు పడాలంట! చూశారా విడ్డూరం?" అని గట్టు మీద పళ్ళు తోముకుంటున్నవాళ్ళకి వినపడేలా అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో సగంమంది బుల్లబ్బాయి క్యాంటీన్ సీసాలు తాగినవాళ్ళే. నెలనెలా అతన్ని వ్యానెక్కించుకుని మిలిటరీ క్యాంటీన్‌కి తీసుకెళ్ళేది జానకిరామే. కార్డు బుల్లబ్బాయిది, వేలిముద్ర బుల్లబ్బాయిది. ఇంటికి చేరేది మాత్రం నాలుగింట్లో రెండు సీసాలు. "మిలిటరీ సరుకండీ, బయటెక్కడ దొరుకుద్ది?" అని మిగతావి ఊళ్ళో పంచేవాడు, ఏదో గుడి ప్రసాదంలాగ. వాళ్ళు తాగినంతసేపూ బుల్లబ్బాయిగారు. ఆ గట్టు మీద బుల్లబ్బాయి ఏ రోజైనా తూలితే, అప్పుడు తాగుబోతోడు.

సూరమ్మకి ఒళ్ళు మండింది. మండినా ఏమంటుంది? ఐసు అతను తేవాలి, చేప అతను తీసుకెళ్ళాలి.

పోయిన నెల పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాటలు ఆవిడకి అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. చదువుకోనివాళ్ళకి జ్ఞాపకమే పుస్తకం కదా. "లివరు పాడైపోతోందమ్మా. ఇలాగే తాగితే ఏడాది తిరిగేసరికి మనిషి మిగలడు. అలాగని ఇంట్లో ఒక్కసారిగా ఆపెయ్యకండి. ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకొస్తుంది. తీసుకొచ్చి ఇక్కడ చేర్చండి. పదిహేను రోజులుండాలి." సూరమ్మ తలూపింది. ఆటో ఎక్కాక ఆలోచించింది, పదిహేను రోజులు ఐసు ఎవరు కొడతారని. ఆషాఢం వెళ్ళనీ అనుకుంది.

పెట్టెలెత్తడం అయిపోవచ్చేసరికి అరుగు మీద పెట్టిన బుల్లబ్బాయి ఫోను మోగింది. అతను చూశాడు, వదిలేశాడు. ఆగి, మళ్ళీ మోగింది. సూరమ్మ చేతులకి పొలుసులున్నాయి. పడవవాళ్ళేమో అనుకుని మోచేత్తో ఫోను దగ్గరకి లాక్కుని, పచ్చది నొక్కింది.

"నాయనా బుల్లబ్బాయ్" అంది అవతలనుంచి ఒక పెద్దావిడ గొంతు. "ఇన్నాళ్ళకి ఎత్తావా నాయనా."

"బుల్లబ్బాయి అక్కనండి. తమరెవరండి?"

"పెద్దాపురం నుంచమ్మా. వరలక్ష్మమ్మని. సురేష్ వాళ్ళమ్మని."

సురేష్ అన్న పేరు సూరమ్మకి తెలుసు. నిద్రమాత్ర పని చెయ్యని రాత్రుళ్ళు తమ్ముడు కలవరించే పేరు అది. సురేషూ, లేవరా, లేవరా అంటాడు. ఎవరో మిలిటరీ స్నేహితుడు, ఎక్కడో పిల్లాపాపలతో ఉండుంటాడనుకుంది ఇన్నాళ్ళూ.

"ఏడాదికోసారి చేస్తాను, ఆషాఢంలో. ఎత్తడు" అంది ఆవిడ. "నాకూ కాళ్ళు ఆడట్లేదమ్మా. వచ్చే ఏడు ఉంటానో లేదో. గురువారం నేనే వస్తాను. ఒక్క మాట అడగాలి, అడిగి వెళ్ళిపోతాను."

"అయ్యో, రండి పిన్నిగారండీ, దానికేముంది" అంది సూరమ్మ, గుమ్మంలోకి వస్తామన్న మనిషిని వద్దనడం తెలియక.

ఫోను పెట్టి చూస్తే బుల్లబ్బాయి సుత్తి కింద పెట్టేసి ఉన్నాడు.

"రమ్మన్నావా?"

"రమ్మనక? పెద్దమనిషి. సురేష్ వాళ్ళమ్మంట."

అతను లేచి లోపలికెళ్ళాడు. బియ్యం డబ్బా పక్కకి జరిగిన చప్పుడైంది. ఎనిమిదేళ్ళలో అతను ఆ సీసా మీద తనంతట తాను చెయ్యి వెయ్యడం అదే మొదలు.

మంగళవారమంతా సూరమ్మకి ఒకటే దిగులు. గురువారం ఆవిడొచ్చేసరికి మనిషి కంపుకొట్టకుండా ఉండాలి. తల్లిలాంటిది, కొడుకు స్నేహితుణ్ణి చూడ్డానికొస్తోంది. బుధవారం పొద్దున గ్లాసులు తోమింది కానీ సీసా తియ్యలేదు. డాక్టరమ్మ మాట గుర్తున్నా, రెండ్రోజులకేం కాదులే అనుకుంది.

"ఈ ఒక్క రెండ్రోజులు ఓర్చుకోరా. ఆవిడ వెళ్ళాక నీ ఇష్టం" అంది.

బుల్లబ్బాయి వాదించలేదు. "సరేనే అక్కా" అన్నాడు, చిన్నప్పుడు ఏట్లో ఈతకి వెళ్ళొద్దంటే అన్నంత బుద్ధిగా. గళ్ళచొక్కా తొడుక్కున్నాడు. గెడ్డం గీసుకుందామని కూర్చుని, రెండుచోట్ల కోసుకుని, బ్లేడు పక్కన పడేశాడు. వ్యాను వచ్చేసరికి మెడ మీదనుంచి చెమట కారుతోంది. ఆషాఢపు మబ్బు, చల్లగాలి. అయినా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"చలేస్తోందేంట్రా? వణికిపోతన్నావ్."

"చలేంటే? చలి లేదు."

ఆ మాట అతను ఎప్పుడూ అనేదే.

జానకిరామ్ ఐసు దింపాడు. బుల్లబ్బాయి తువ్వాలు చేతులకి చుట్టుకోబోతే అది జారిపోయింది. మళ్ళీ చుట్టబోయాడు, మళ్ళీ జారింది. మూడోసారి వదిలేసి, వట్టి చేత్తోనే దిమ్మ పట్టుకున్నాడు.

సూరమ్మ ఆ సమయానికి జెల్లచేపలు ఏరుతోంది. చప్పుడు తేడాగా వినపడి తలెత్తింది. సుత్తి చప్పుడు కాదది. బరుకుతున్న చప్పుడు. బుల్లబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని, ఐసుదిమ్మని రెండు చేతుల గోళ్ళతో తవ్వుతున్నాడు. ఊక ఎగిరి పడుతోంది. గోళ్ళు చీలి ఐసు మీద ఎర్రచారలు పడుతున్నాయి.

"ఇక్కడే, ఇక్కడే ఉన్నాడు. పట్టండి, ఇటుపక్క పట్టండి. సురేషూ, లేవరా."

గట్టు మీదవాళ్ళు మొదట నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. జానకిరామ్ మాత్రం ఫోను తీసి, వీడియోకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఒరే, ఆడికేదో అయిపోతోంది! ఫోనెత్తుతావేంట్రా?" సూరమ్మ చేతిలో చేప వదిలేసి తమ్ముణ్ణి వెనకనుంచి వాటేసుకుంది. పట్టుకుంటే ఆగే బలం కాదు. నోటివెంట ఆవిరిలాగ ఊపిరి కొడుతున్నాడు. ఆవిడకి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. లోపలికి పరిగెత్తి సీసా తెచ్చి, గ్లాసు కూడా వెతక్కుండా అతని తల ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లాడికి ఉగ్గు పట్టినట్టు నోట్లో పోసింది. సగం మెడ మీద కారిపోయింది. సగం లోపలికెళ్ళింది. కాసేపటికి అతని చేతులు ఐసు వదిలాయి.

"చాలు తియ్యండమ్మా, పెట్రోలు పడిందిగా, లేచి కూర్చుంటాడు" అన్నాడు జానకిరామ్, ఫోను జేబులో వేసుకుంటూ.

ఆ రోజు ఐసంతా సూరమ్మే కొట్టింది. కొడుతుంటే ఎర్రచారలున్న ముక్కలు వచ్చాయి. వాటిని ఏరి, గట్టవతలకి విసిరేసింది. ఇన్నాళ్ళూ తమ్ముడు ఐసుకి భయపడుతున్నాడనుకుంది. భయం కాదది. దాంట్లో మనిషున్నాడు.

గురువారం వరలక్ష్మమ్మ పదింటికి వస్తుందని సూరమ్మ లెక్కేసుకుంది. పెద్దాపురం నుంచి బస్సు, రాజమండ్రిలో దిగి ఆటో, ఆ మాత్రం పడుతుంది. అందుకని పొద్దున్నే గ్లాసులు పెట్టేసింది. బుధవారం అంత చూశాక ఇంకో దారి తోచలేదు. ఐసు వద్దని జానకిరామ్‌కి కబురుపెట్టింది, చుట్టాలొస్తున్నారని. బుల్లబ్బాయి వేళ్ళకి గుడ్డపీలికలు కట్టి, రెండు గ్లాసుల్లోనూ రెండేసి వేళ్ళు పోసి, లోపలికెళ్ళి అరటికాయ తరుక్కుంటూ కూర్చుంది.

బుల్లబ్బాయి మొదటి గ్లాసు తాగాడు. తాగి, రోజూలాగే వీధి మలుపు వైపు చూస్తూ ఊరుకున్నాడు.

మలుపులోంచి ఆటో వచ్చింది.

అందులోంచి ఒక పెద్దావిడ దిగింది. పొట్టిమనిషి, నేతచీర, నుదుట మరిడమ్మ తల్లి గుడి కుంకుమ పెద్ద బొట్టు. చేతిలో పసుపు గుడ్డసంచి. ఐదింటి బస్సుకే బయల్దేరినట్టుంది. ఆటో దిగాక కాళ్ళు కూడదీసుకోవడానికి దాని కమ్మీ పట్టుకుని కాసేపు నుంచుంది. అలా నుంచునే అరుగు మీద మనిషిని చూసింది.

"బుల్లబ్బాయివేనా నాయనా?"

అతను లేచాడు. లేచి, అటెన్షన్‌లో నుంచున్నాడు.  పక్కన అరుగు మీద సొట్టగ్లాసు నిండుగా అలాగే ఉంది.

సూరమ్మ గబగబా బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, గ్లాసు కనపడకుండా చెంగు అడ్డం పెట్టబోయింది. వరలక్ష్మమ్మ అప్పటికే చూసేసింది.  వచ్చి అరుగు మీద, గ్లాసుకి ఇటుపక్కన కూర్చుంది.

"టీ తాగుతారా పిన్నిగారూ?"

"వద్దమ్మా. జాతర వెళ్ళేదాకా ఒంటిపూటే. పొద్దు వాలేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టను." సంచిలోంచి నిమ్మకాయ, కుంకుమ పొట్లం తీసి సూరమ్మ చేతిలో పెట్టింది. "కూర్చో నాయనా. పదకొండేళ్ళనుంచి అడగాలనుకుంటున్నాను. మిలిటరీవాళ్ళు కాయితం పంపించారు, పెట్టె పంపించారు, జెండా కప్పారు. అన్నీ చేశారు. ఈ ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. నువ్వు పక్కన ఉన్నావట కదా."

"ఉన్నానమ్మా." బుల్లబ్బాయి కూర్చోలేదు. "పక్కనే ఉన్నాను. అందుకే ఫోను ఎత్తలేదు."

ఇక ఆగలేదు. ఏడవలేదు కూడా. పెద్దాఫీసరుకి రిపోర్టు అప్పజెప్పినట్టు, ఎదురుగోడ వైపు చూస్తూ చెప్పాడు.

"ఆషాఢమేనమ్మా. పైన మంచుకొండల్లో చలికి మాకు రమ్ము ఇచ్చేవాళ్ళు, మనిషికింత. వాడు ఆ నెల ముట్టలేదు. మా అమ్మ మొక్కుకుందిరా బుల్లీ అన్నాడు. వాడి వాటా రోజూ నాకిచ్చేవాడు. ఆ రోజు కూడా రెండూ నేనే తాగి పడుకున్నాను. మూడింటినుంచి నా డ్యూటీ. లేపాడు. లేవలేదు. మళ్ళీ లేపాడు. పడుకోలేరా, నీ బదులు నేను నుంచుంటానన్నాడు. వాడి కోటు తడిగా ఉందని నా కోటు తొడుక్కుని వెళ్ళాడు. మంచు జారింది. వాడు కాపలా ఉన్న పోస్టు మొత్తం కప్పేసింది. తెల్లారేదాకా తవ్వాం. అవతలనుంచి తవ్వుతున్నవాళ్ళు కోటు మీద పేరు చదివి, బుల్లబ్బాయి దొరికాడు, బుల్లబ్బాయి దొరికాడు అని అరిచారు. నేను ఇవతల తవ్వుతూనే ఉన్నానమ్మా. నా పేరు వింటూనే తవ్వాను."

గట్టు మీద లారీ ఒకటి వెళ్ళింది. దాని దుమ్ము అరుగు దాకా వచ్చింది.

"వాడి వాటా నేను తాగానమ్మా" అన్నాడు. "ఇప్పటికీ వాడి వాటా నేనే తాగుతున్నాను. వాడొస్తాడేమో, తీసుకుంటాడేమో అని రోజూ చూస్తాను. రాడు."

సూరమ్మ గుమ్మం పట్టుకుని నుంచుంది. ఎనిమిదేళ్ళు తోమిన గ్లాసు. ఎవరిదో తెలియకుండా తోమింది.

వరలక్ష్మమ్మ చాలాసేపు చీర అంచు మడతలు సరిచేసుకుంది. అదే మడత మళ్ళీ మళ్ళీ.

"నాకు తెలుసు నాయనా" అంది. "వాటా సంగతి. ఫోనులో వాడే చెప్పాడు. అమ్మా, ఇక్కడ తాగకపోతే కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయే అన్నాడు. ఈ ఒక్క ఆషాఢం నాకోసం మానెయ్యరా, మరిడమ్మ తల్లికి మొక్కుకున్నాను, నువ్వు చల్లగా ఉండాలని అన్నాను. సర్లేవే, బుల్లిగాడికి ఇచ్చేస్తాలే అన్నాడు. నువ్వు వాడి దగ్గర లాక్కోలేదు. నేను ఇప్పించాను. నా మొక్కు లేకపోతే వాడూ తాగి నీ పక్కనే పడుకునేవాడు." సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నేనడగాల్సింది అది కాదు. వాడికి చలేసిందా? అదే. పోయేముందు బాగా చలేసిందా నాయనా?"

బుల్లబ్బాయి మొదటిసారి ఆవిడ ముఖం చూశాడు.

"లేదమ్మా" అన్నాడు. "నా కోటు మందం. చలెయ్యదు."

ఆవిడ తలూపింది. రెండుసార్లు, మూడుసార్లు ఊపింది. తర్వాత అరుగు మీది సొట్టగ్లాసు వైపు చూసింది.

"ఇది వాడిదేనా?"

"వాడిదేనమ్మా."

ఆవిడ గ్లాసెత్తింది. ఏం చేస్తోందో సూరమ్మకి తట్టేలోపే, ఒంటిపూట ఉన్న మనిషి, జన్మలో ఆ వాసన పీల్చని మనిషి, కళ్ళు గట్టిగా మూసుకుని ఆ రమ్మంతా గుటకలు గుటకలుగా తాగేసింది. దగ్గొచ్చింది. కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు కారాయి. సూరమ్మ పరిగెత్తి వీపు రాసింది.

"అయ్యో పిన్నిగారూ, ఆషాఢమండీ, అమ్మవారి ఉపవాసమండీ!"

"మొక్కు కట్టుకున్నది నేను. తెంచుకునేదీ నేనే" అంది ఆవిడ, చెంగుతో మూతి తుడుచుకుంటూ. గొంతు బొంగురుపోయింది. "తల్లి అడిగితే నేను చెప్పుకుంటాను." గ్లాసు బోర్లించి అరుగు మీద పెట్టింది. "ఇంక ఈ ఇంట్లో వాడి వాటా లేదు నాయనా. అయిపోయింది. వాడి తల్లిని, తీసుకోవాల్సినదాన్ని నేనే తీసుకున్నాను. నీ వాటా సంగతి నువ్వే చూసుకోవాలి."

వెళ్ళేటప్పుడు ఆటో దాకా సూరమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది. ఎక్కాక, కమ్మీ అవతలనుంచి ఆవిడ అడిగింది, మెల్లగా, తప్పుపట్టే గొంతు కూడా కాదు.

"రోజూ పోసేది నువ్వేనామ్మా?"

 ఆటో మలుపు తిరిగింది. బొడ్డు సంచిలో మాత్రల అట్ట గుచ్చుకుంటున్నట్టు అనిపించి, సూరమ్మ దాన్ని బయటికి తీసి చేతిలో పట్టుకుని, గట్టు మీదే చాలాసేపు నుంచుండిపోయింది. హద్దులో ఉంటాడని పోసింది. హద్దులోనే ఉన్నాడు, చావుకి సరిగ్గా రెండు వేళ్ళ దూరంలో.

శుక్రవారం పొద్దున సూరమ్మ లేచేసరికి గ్లాసు తోమి ఉంది. ఒకటే గ్లాసు. సొట్టది కనపడలేదు. వెతికితే వంటింటి గూట్లో ఉప్పుడబ్బా పక్కన బోర్లించి ఉంది. బుల్లబ్బాయి అరుగు మీద కూర్చుని, ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, ఐసుబండి వచ్చే వైపు చూస్తున్నాడు. వీధి మలుపు వైపు చూడట్లేదు.

ఆవిడ సీసా తెచ్చింది. ఒక వేలు ఎత్తు పోసింది.

"ఇది ఆసుపత్రి దాకా. ఒక్కసారే ఆపకూడదంది డాక్టరమ్మ. అక్కడికెళ్ళాక ఏమివ్వాలో ఆవిడే ఇస్తుంది. ఇంక నేను పొయ్యను."

"ఐసో?"

"ఐసు సంగతి నీకెందుకు? తాగి చొక్కా మార్చుకో."

హారను మోగింది. సూరమ్మ బయటికొచ్చేసరికి జానకిరామ్ ఒక దిమ్మ దింపేసి, రెండోదాని కోసం వంగుతున్నాడు.

"దింపకు బాబూ. పదిహేను రోజులు చేప ఎత్తను."

"ఏంటండీ? హోటలోళ్ళకి ఏం చెప్పమంటారు? వేరేవాళ్ళకి పని ఇచ్చేస్తాను, తర్వాత నన్నంటే లాభం లేదు."

"ఇచ్చుకో."

"ఇంత పొగరా సూరమ్మగారూ? మరి ఆదివారం క్యాంటీన్‌కి?"

"ఆసుపత్రికొచ్చి ఆణ్ణి అడుగు" అంది సూరమ్మ. "వచ్చేటప్పుడు మొన్న తీసిన వీడియో కూడా తెచ్చుకో. డాక్టరమ్మకి చూపిద్దాం, ఎలా తవ్వాడో."

జానకిరామ్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. వ్యాను గట్టెక్కి వెళ్ళిపోయింది. దింపిన దిమ్మ ఒక్కటే గోనెపట్టా మీద ఉండిపోయింది. దాని అంచుల్నుంచి నీళ్ళు కారి అరుగు దిగుతున్నాయి.

సూరమ్మ సంచి సర్దింది. దుప్పటి, రెండు లుంగీలు, కంచం, గ్లాసు. సీసా, మాత్రల అట్ట కూడా వేసింది, డాక్టరమ్మకి ఉన్నది ఉన్నట్టు చూపించడానికి. ఇల్లు తాళం వెయ్యబోయి ఆగి, వెనక్కెళ్ళి గూట్లోంచి సొట్టగ్లాసు కూడా తెచ్చింది.

బుల్లబ్బాయి చూశాడు. "అదెందుకే? ఆవిడ అయిపోయిందంది కదా."

"ఇది నాది. పదిహేను రోజులు నీ మంచం పక్కన పడుండేదాన్ని, మంచినీళ్ళు తాగొద్దా?"

అతను అరుగు దిగాడు.

ఆటోలో గాలి కొడుతోంది. ఎడమపక్క ఆనకట్ట, దాని మీదనుంచి ఎర్రటి గోదారి దూకుతున్న హోరు. ఒక వేలు మందు ఎంతసేపు ఆగుతుంది? కాటన్ దొర బొమ్మ దాటేసరికే బుల్లబ్బాయి పళ్ళు టకటకమంటున్నాయి. గుడ్డపీలికలు కట్టిన వేళ్ళు మోకాళ్ళ మీద ఎగురుతున్నాయి. ఆటో డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"చలేస్తోందా?" అంది సూరమ్మ. ఎన్ని వందలసార్లు అడిగిందో ఆ మాట. ఎన్ని వందలసార్లు లేదన్నాడో.

బుల్లబ్బాయి కాసేపు రోడ్డు వైపు చూశాడు.

"వేస్తోందే అక్కా" అన్నాడు. తర్వాత, హోరులో వినపడీ వినపడనట్టు అన్నాడు, "ఆ కోటు మందమేం కాదే. వాడికీ వేసుంటుంది."

సూరమ్మ సంచిలోంచి దుప్పటి లాగి అతని భుజాల చుట్టూ కప్పింది. కప్పి, గాలికి ఎగరకుండా, దాని రెండు అంచులూ అతని మెడ దగ్గర తన పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆసుపత్రి గేటు వచ్చేదాకా వదల్లేదు.